ఒంట్లోనే మందు వెతికిన ఎల్లాప్రగడ సుబ్బారావు

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఆరో తరగతి నుంచి పై పిల్లలకు వారానికోసారి భోజనం తర్వాత నీలం రంగు మాత్ర ఒకటి ఇస్తాం. చిన్న తరగతుల వాళ్ళకిచ్చేది గులాబి రంగుది. ఊళ్ళో గర్భిణులకు ఆశా కార్యకర్త ఎర్ర మాత్రలు ఇచ్చి వెళుతుంది. రంగు ఏదైనా లోపల ఉండే మందులు రెండే. ఒకటి ఐరన్, రెండోది ఫోలిక్ యాసిడ్. ఐరన్ అంటే ఇనుమని పిల్లలు కూడా చెప్పేస్తారు. రెండోదాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ప్రపంచానికి అందించిన బృందానికి పెద్ద ఒక తెలుగువాడు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో పెరిగి, మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడు. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తెలుగు చదువుకుంటున్న మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. మందు అనగానే మనకు ఆకులు, వేళ్ళు, చూర్ణాలు గుర్తొస్తాయి. సుబ్బారావు వెతికిన చోటు వేరు. కండరంలో, కాలేయంలో, రక్తంలో శరీరం తనకోసం తాను దాచుకున్న పదార్థాలేమిటి? అవి ఏ పని చేస్తాయి? తక్కువైతే ఏ జబ్బు వస్తుంది? ఈ మూడు ప్రశ్నల వెంట ఆయన జీవితమంతా నడిచింది. ఆ దారిలో దొరికిన మందులు ఈనాటికీ మన ఆసుపత్రుల్లో ఉన్నాయి.

రెండుసార్లు తప్పిన మెట్రిక్

1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు సుబ్బారావు పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ఉద్యోగం ముందుగానే మానుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టమైన రోజులవి. పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోయాడు. పెద్దవాళ్ళు పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే తండ్రి పోయాడు. కుర్రాడు మెట్రిక్ ఒకసారి తప్పాడు, మళ్ళీ తప్పాడు.

ఇలాంటి పిల్లవాణ్ణి ఈ రోజు ఏ ఇంట్లోనైనా దుకాణంలోనో మెకానిక్ షెడ్డులోనో పెట్టేస్తారు. వెంకమ్మ ఆ పని చేయలేదు. తన పుస్తెలు అమ్మి కొడుకు చదువుకు డబ్బు సమకూర్చింది. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి, మూడోసారి రాసి సుబ్బారావు మెట్రిక్ గట్టెక్కాడు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివాడు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలన్నది అప్పటి ఆయన కోరిక. మఠం పెద్దలు వైద్యం చదివి సేవ చేయమని దారి చూపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టాడు.

ఇక్కడ మన జిల్లాల సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. ఆ రోజుల్లో కోరాపుట్, రాయగడ ప్రాంతాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యాకే ఇవి అటు చేరాయి. విశాఖలో వైద్య కళాశాల 1923లో గానీ రాలేదు. భీమవరం కుర్రాడికైనా జయపురం కుర్రాడికైనా డాక్టరు కావాలంటే మద్రాసు రైలే దిక్కు.

ఖాదీ కోటు, ఇద్దరు సోదరుల చావు

మెడికల్ కాలేజీ చదువుకు సాయం చేసినవారిలో కస్తూరి సూర్యనారాయణమూర్తి ముఖ్యుడు. 1919లో ఆయన కూతురు శేషగిరితో సుబ్బారావుకు పెళ్ళయింది. అది గాంధీ మాట దేశమంతా మారుమోగుతున్న కాలం. విదేశీ బట్ట వద్దన్న పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖాదీ కోటు తొడుక్కుని వెళ్ళాడు. శస్త్రచికిత్స బోధించే ఇంగ్లీషు ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికి వచ్చింది పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఒక్క చొక్కా ఖరీదు అంత పడింది.

అదే కాలంలో ఇంట్లో పిడుగు పడింది. పురుషోత్తం, కృష్ణమూర్తి అనే ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరినీ తీసుకుపోయింది స్ప్రూ అనే జబ్బు. ఉష్ణదేశాల్లో వచ్చే ఈ జబ్బులో పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం పలుచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. దానికి అప్పుడు మందు లేదు. డాక్టరు చదువు చదివిన సుబ్బారావు కూడా ఏమీ చేయలేకపోయాడు.

ఆ తర్వాత సుబ్బారావు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పాడు. కానీ ఉష్ణదేశాల జబ్బుల మీద పరిశోధన చేయాలన్న పట్టుదల పెరిగిపోయింది. అమెరికాలోని హార్వర్డ్‌లో అందుకు ప్రత్యేకమైన బడి ఉంది. ప్రయాణానికి డబ్బు లేదు. కొంత మామగారు సర్దారు. కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది. రంగూన్‌లో వ్యాపారం చేసి కూడబెట్టిన ఆస్తిని నాయకర్ ధర్మానికి రాసిపోయాడు. కొన్నేళ్ళ తర్వాత మన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ కూడా ఇలాంటి పనే చేశాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సైన్సు చదువుల కోసం ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఎవరో దాత వేసిన విత్తనం ఎక్కడో చెట్టవుతుంది.

నీలి రంగు లెక్క

1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ చేరాడు. భార్య పుట్టింట్లో ఉండిపోయింది. చదువుకుంటూ బతకడానికి అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశాడు. డాక్టరు పట్టా ఉన్న మనిషి ఆ పని చేయడానికి నామోషీ పడలేదు. డిప్లొమా అయ్యాక హార్వర్డ్ జీవరసాయన విభాగంలో ఆటో ఫోలిన్ దగ్గర చేరాడు. సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి పనిచేయడం మొదలుపెట్టాడు.

మొదట చేసిన పని చూడడానికి చిన్నది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం. 1925లో ఇద్దరూ కలిసి ఒక పద్ధతి ప్రచురించారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే భాస్వరం ఉన్నకొద్దీ నీలం రంగు వస్తుంది. రంగు చిక్కనైతే భాస్వరం ఎక్కువ, పలుచనైతే తక్కువ. ముందే కొలత తెలిసిన రంగుతో పోల్చి లెక్క కట్టేస్తారు. తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ వాడుకున్న పద్ధతి ఇది. తరగతిలో సిరా చుక్కలు నీళ్ళలో కలిపి, చుక్కల లెక్క దాచిపెట్టి, రంగు చూసి ఎన్ని చుక్కలో చెప్పమంటే ఇందులోని సూత్రం ఐదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

మంచి కొలత చేతికొస్తే కొత్త సంగతులు వాటంతట అవే బయటపడతాయి. కండరంలో భాస్వరాన్ని కొలుస్తుంటే లెక్క తేడా వచ్చింది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందని తవ్వుకుంటూ పోగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. అదే ఏడు ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా అదే పదార్థాన్ని పట్టుకున్నారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుంచి ఏ.టి.పి.ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే సమయంలో విడిగా దాన్ని కనుగొన్నాడు.

పదో తరగతి జీవశాస్త్రంలో ఏ.టి.పి. శక్తి నాణెమని చెబుతాం. ఇంకో మాట కలిపితే మన పిల్లలకు బాగా పడుతుంది. ఏ.టి.పి. చేతిలో చిల్లర లాంటిది, అప్పటికప్పుడు ఖర్చయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అమ్మ కొంగున ముడి వేసుకున్న డబ్బు. చిల్లర అయిపోగానే ముడి విప్పి ఇస్తుంది. పిల్లవాడు గ్రౌండులో మొదటి కొద్ది క్షణాలు ఒక్క ఉదుటున పరుగెత్తేది ఆ కొంగు ముడి బలంతోనే.

1930లో సుబ్బారావుకు పీహెచ్.డి. వచ్చింది. పేరు మాత్రం రాలేదు. ఫిస్కే నీడ నుంచి బయటికి రావడం ఆయనకు కుదరలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే బయటపెట్టనివ్వలేదని, అందువల్ల వాటిని ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని ఆయనతో పాటు హార్వర్డ్‌లో పనిచేసి తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీకి మారిపోయాడు. రెండేళ్ళకు అక్కడి పరిశోధన విభాగం మొత్తానికి డైరెక్టర్ అయ్యాడు.

పూసల గొలుసు

ఇక్కడ ఒక చిన్న పాఠం చెప్పుకోకపోతే ముందు కథ అర్థం కాదు. మనం తినే పప్పు, గుడ్డు, చేపల్లోని మాంసకృత్తులు కడుపులో అరిగి అమైనో ఆమ్లాలు అవుతాయి. వాటిని పూసలనుకోండి. శరీరం ఆ పూసలను తనకు కావలసిన వరసలో మళ్ళీ గుచ్చుకుంటుంది. చిన్న గొలుసైతే పెప్టైడ్ అంటారు. బాగా పొడవైతే ప్రోటీన్. క్లోమం తయారుచేసే ఇన్సులిన్‌లో 51 పూసలుంటాయి. సుబ్బారావు ఓడెక్కిన 1922లోనే కెనడాలోని టొరంటోలో చక్కెర జబ్బుతో చావుకు దగ్గరైన ఒక కుర్రవాడికి జంతువుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్ మొదటిసారి ఎక్కించి బతికించారు. ఒంట్లో పుట్టే పదార్థమే మందు కాగలదని ప్రపంచానికి అలా తెలిసింది. ఈ రోజు కొత్త మందుల కోసం శరీరంలోని పెప్టైడ్లను జల్లెడ పడుతున్నవారంతా ఆ దారిలో నడిచేవారే.

1926లో అమెరికన్ వైద్యులు మైనాట్, మర్ఫీ ఒక రకమైన మొండి రక్తహీనతకు రోజూ జంతువుల కాలేయం తినిపిస్తే నయమవుతోందని చూపించారు. కాలేయంలో ఏదో ఉంది. అదేమిటో తెలియదు. 1930ల మొదట్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసింది. పేద మిల్లు కార్మికుల ఇళ్ళ ఆడవాళ్ళకు ఈస్టు నుంచి తీసిన పదార్థం ఇస్తే రక్తం పడుతోందని కనిపెట్టింది. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు నాలుగు టన్నుల పాలకూర తెచ్చి, పిండి, వడకట్టి చిటికెడు పదార్థం తీశారు. ఆకు నుంచి వచ్చింది కనుక ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

నాలుగు టన్నుల ఆకుకూరకు చిటికెడు వస్తే అది మందు ఎలా అవుతుంది? ఆసుపత్రులకు, ఊళ్ళకు చేరాలంటే ప్రయోగశాలలో తయారు కావాలి. ఆ పని సుబ్బారావు నాయకత్వంలో జరిగింది. లెడర్లీ శాస్త్రవేత్తలు ముందు కాలేయం నుంచి, సూక్ష్మజీవుల పులుపు నుంచి దాన్ని శుద్ధంగా వేరుచేశారు. తర్వాత దాని నిర్మాణం విప్పి చూశారు. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు ప్రకటించారు. ఇందులో పదిమందికి పైగా రసాయన శాస్త్రవేత్తల చేతులున్నాయి. వాళ్ళను ఒక చోట కూర్చి, ఏది ముందు ఏది వెనుక అని నడిపించినవాడు సుబ్బారావు.

ఆ నిర్మాణంలో ఒక చమత్కారం ఉంది. ఫోలిక్ యాసిడ్ చివర గ్లుటమిక్ యాసిడ్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. మన కణాల్లో ఈ పదార్థం ఒంటి పూసతో ఉండదు. గ్లుటమిక్ పూసలు మరికొన్ని దాని తోకకు గుచ్చుకుని చిన్న పెప్టైడ్ గొలుసుతో ఉంటుంది. ఆ తోక ఉంటే కణం దాటి బయటికి జారిపోదు. సుబ్బారావు బృందం ఒక పూస ఉన్నదాన్నీ మూడు పూసలున్నదాన్నీ కూడా తయారుచేసింది.

మందు చేతికి రాగానే టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. ఎండిపోయిన మనుషులు కోలుకున్నారు, ఆకలి పుట్టింది, రక్తం పడింది. మద్రాసు రోజుల్లో ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బు అదే. మందు రావడానికి పాతికేళ్ళు పట్టింది. సోదరులకు అందలేదు, లోకానికి అందింది.

తిరగని తాళంచెవి

మూడు పూసల ఫోలిక్ యాసిడ్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సరున్న పిల్లలకు ఇచ్చి చూశాడు. మేలు జరగకపోగా మజ్జలో జబ్బు కణాలు ఇంకా జోరుగా పెరుగుతున్నట్టు కనిపించింది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఫార్బర్‌కు తిరుగు ఆలోచన వచ్చింది. ఫోలిక్ యాసిడ్ దొరికితే జబ్బు కణం పెరుగుతోంది. మరి దాన్ని దొరకనివ్వకపోతే?

అందుకు కావలసిన పదార్థం సుబ్బారావు దగ్గర ఉంది. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అణువులో ఒకటి రెండు చోట్ల మార్పులు చేసి నకిలీలను తయారుచేస్తోంది. తాళంలోకి దూరి, అక్కడే ఇరుక్కుని, తిరగని తాళంచెవి లాంటివి అవి. కణం అసలుదే అనుకుని దాన్ని పట్టుకుంటుంది. అసలు దానికి చోటు లేక కణం విభజన ఆగిపోతుంది. అమినోప్టెరిన్ అలాంటిది. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో ఫలితాలు ప్రచురించాడు. పదహారు మందికి ఇస్తే పదిమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అంతకుముందు రక్త క్యాన్సర్ అంటే పిల్లవాడు వారాల్లో, నెలల్లో పోవడమే. మందు మాట విన్న తల్లిదండ్రులు లేరు.

దానికి దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. ఇదీ సుబ్బారావు బృందం పనే. ఈ రోజు పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఇతర మందులతో కలిపి దీన్ని వాడుతున్నారు. మంచి ఆసుపత్రిలో సకాలంలో చేరిన పిల్లల్లో ఎక్కువమంది పూర్తిగా బాగవుతున్నారు. చిన్న మోతాదులో కీళ్ళవాతానికి కూడా ఇస్తారు. మన ఊళ్ళలో వేళ్ళు వంకర్లు పోయి బాధపడే పెద్దవాళ్ళు కొందరు వారానికోసారి వేసుకునేది ఇదే.

బోదకాలు, బంగారు రంగు మందు

సుబ్బారావు మనసు ఉష్ణదేశాల జబ్బుల మీదే ఉండేది. 1947లో ఆయన బృందం బోదకాలు జబ్బును కలిగించే పురుగు పిల్లలను చంపే డైఇథైల్ కార్బమజిన్‌ను బయటికి తెచ్చింది. ఒడిశాలో గంజాం, పూరీ వంటి కోస్తా జిల్లాల్లో, ఆంధ్రలో గోదావరి జిల్లాల్లో తరతరాల శాపం ఈ జబ్బు. 2004 నుంచి ప్రభుత్వం ఈ జబ్బున్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ తిరిగి మింగిస్తున్న మాత్రల్లో ముఖ్యమైనది ఇదే.

మరోవైపు మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మందులు వెతికే పని పెట్టాడు. పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను ఆ పనికి తెచ్చుకున్నాడు. ఊరూరి మట్టి తెప్పించి పరీక్షించగా మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టి నుంచి బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం ఎగబడి కొన్నది ఆ కుటుంబపు మందులనే. 2007లో మన కోరాపుట్, రాయగడ, కలహండి జిల్లాల్లో కలరా ఎందరి ప్రాణాలు తీసిందో ఇంకా మరచిపోలేదు. కలరాకు ముందు కావలసింది ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు, ఓ.ఆర్.ఎస్. దానితో పాటు డాక్టర్లు ఇచ్చే డాక్సీసైక్లిన్ కూడా ఆ కుటుంబంలోదే.

తిరిగి రాని ప్రయాణం

1948 ఆగస్టు 8 రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు చనిపోయాడు. వయసు 53. అమినోప్టెరిన్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండలేదు.

బోస్టన్‌కు ఓడెక్కినవాడు మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. ఆయన వెళ్ళాక శేషగిరికి కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను ఎత్తుకోలేదు. భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయింది. ఈ కథ చెప్పేటప్పుడు ఆ ఇల్లాలి ఇరవై ఆరేళ్ళను వదిలేసి చెప్పడం న్యాయం కాదు. పుస్తెలు అమ్మిన తల్లి, ఒంటరిగా మిగిలిన భార్య కట్టిన మూల్యం కూడా ఆ మాత్రలో ఉంది.

పేరు కోసం ఆయన తాపత్రయపడలేదు. కొత్త మందు ప్రకటించేటప్పుడు తోటివారిని ముందు నిలబెట్టి తాను వెనక ఉండేవాడు. 1946 వరకు భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలే లేదు. వీలు వచ్చాక కూడా ఆయన అది పూర్తిగా తీసుకోలేదు, భారతీయుడిగానే పోయాడు. తర్వాత శాస్త్రవేత్తలు ఒక బూజు జాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది.

మన బడికి పనికొచ్చేది

మన రెండు జిల్లాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బు మూలం కూడా పెప్టైడ్ గొలుసులోనే ఉంది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో 146 పూసల గొలుసు ఒకటి ఉంటుంది. అందులో ఆరో చోట గ్లుటమిక్ యాసిడ్ ఉండాల్సింది, దాని బదులు వేలైన్ పడుతుంది. ఒక్క పూస మారితే ఎర్రకణం కొడవలిలా వంగి త్వరగా చచ్చిపోతుంది. కొత్త కణాలు గబగబా తయారుచేయాలి కనుక మజ్జకు ఫోలిక్ యాసిడ్ ఎక్కువ కావాలి. ఆ పిల్లలకు డాక్టర్లు రోజూ ఇచ్చే చిన్న మాత్ర అదే. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో గిరిజన ప్రాంతాల్లో ఉచితంగా పరీక్ష చేస్తున్నారు. పిల్లలకు పరీక్ష చేయించండి. జబ్బు ఉన్నట్టు తేలితే ఐరన్ మాత్ర విషయంలో డాక్టరు చెప్పినట్టే నడుచుకోండి.

మిగతా పిల్లల సంగతి. నీలం మాత్ర వేసుకుంటే వికారమని, ఏదో అవుతుందని కొన్ని ఇళ్ళలో వద్దంటున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలకు. కడుపు నిండా తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు, అది ఇనుము రంగు. వేసుకున్న వెంటనే టీ తాగకూడదు, ఇనుము ఒంటికి పట్టదు. గర్భం మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్ను రూపుదిద్దుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భమని కూడా తెలియదు. ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే ఒంట్లో ఉంటే వెన్ను లోపాలు చాలావరకు రావు. ఈ రోజు బడిలో మాత్ర మింగే అమ్మాయికి అది రేపటి పెట్టుబడి.

ఇక భాష. తెలుగు బడిలో చదివితే సైన్సు రాదేమో అని మన తల్లిదండ్రులకు ఒక దిగులు ఉంది. సుబ్బారావు పెద్ద చదువులన్నీ ఇంగ్లీషులోనే చదివాడు కనుక ఆయన్ను చూపించి తెలుగు మాధ్యమానికి జేజేలు కొట్టలేం. అయితే ఆయన కథ ఇంకొకటి చెబుతుంది. మార్కులకు, తెలివికి మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరాన్ని దాటించింది ఒక తల్లి నమ్మకం, ఒక దాత సాయం, ఒక ప్రశ్నను వదలని పట్టుదల. మన పిల్లలు ఇంట్లో తెలుగో కుయియో మాట్లాడుతూ, బజారులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. అర్థమైనదాన్ని ఏ భాషలోనైనా చెప్పగలిగితే అది సైన్సే.

ఈ వారం తరగతిలో ఒక పని పెట్టవచ్చు. మాత్ర ఇచ్చిన రోజున పిల్లలతో ఒక చిన్న కాగితం రాయించండి. మాత్రలో ఏముంది, ఒంట్లో అది ఏం చేస్తుంది, దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరు అన్న మూడు మాటలు చాలు. ఆ కాగితాన్ని ఇంట్లో నానమ్మకో అమ్మమ్మకో ఆమె భాషలో చదివి వినిపించమనండి. పోయినసారి పరీక్ష తప్పిన పిల్లవాడికి ఆ పని ముందు ఇవ్వండి.